అచ్చమాంబ కథలు, ఇందూరు స్త్రీలు: ఒక సంవాదం

వాది: ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాదు పట్టణంలోనూ బోధన్ చెరుకు ప్రాంతంలోనూ స్త్రీల జీవితాన్ని సాహిత్యం ద్వారా అర్థం చేసుకోదలచినవారు మొదట చదవవలసినవి భండారు అచ్చమాంబ కథలేనని ఈ పక్షం ప్రతిపాదిస్తుంది. 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, కొంత బాల్యం దేవరకొండలో గడిపి, ఆడుకునే వయసులోనే పెళ్లయి మధ్యపరగణాలకు, అంటే నాగపూరు, బిలాస్‌పూరు పట్టణాలున్న నాటి బ్రిటిష్ పాలిత రాష్ట్రానికి కాపురం వెళ్లిన ఆమె, బడి గుమ్మం తొక్కకుండానే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర అక్షరాలు దిద్దుకొని, తెలుగుతో పాటు హిందీ, మరాఠీ, బెంగాలీ, గుజరాతీ భాషలు నేర్చింది. ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్య స్త్రీల కోసం నడిపిన ‘హిందూ సుందరి’ మాసపత్రికలో ఆమె ‘ధనత్రయోదశి’ 1902లో అచ్చయింది. ఆధునిక తెలుగు కథకు ఆరంభమని చాలాకాలం చెప్పుకున్న గురజాడ ‘దిద్దుబాటు’ వెలువడింది 1910లో. ఎనిమిదేళ్లు ముందున్నదన్న లెక్క ఇక్కడ ముఖ్యం కాదు. తెలుగు కథ తన తొలి అడుగుల్లోనే స్త్రీ చేతిలో, స్త్రీ జీవితాన్ని వస్తువుగా చేసుకొని నడిచిందన్నది ముఖ్యం.

ప్రతివాది: అచ్చమాంబ తొలి కథకురాలన్న మాటపై ఇక్కడ వివాదం లేదు; సంగిశెట్టి శ్రీనివాస్ వంటి పరిశోధకులు ఆమె కథలను పాత పత్రికల నుంచి వెలికితీసి పుస్తకంగా కూర్చిన తరువాత ఆ చర్చ చాలావరకు ముగిసింది. వివాదమంతా ‘మొదట చదవవలసినవి’ అన్న మాటపైనే. ఆమె కథల్లోని ఇల్లు ప్రధానంగా చదువుకున్న అగ్రవర్ణ కుటుంబపు ఇల్లు. అందులో భర్త ఉద్యోగానికి వెళతాడు, భార్య ఇంటిని చక్కదిద్దుతుంది, వారి మధ్య నడిచే మాటలే కథ అవుతాయి. ఇందూరు స్త్రీ జీవితం అలా ఏర్పడలేదు. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి, కాలువల కింద చెరుకు విస్తరించి, 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ బోధన్‌లో శక్కర్‌నగర్ అనే కొత్త పేట లేచినప్పుడు, చెరుకు ముక్కలు నాటి, కలుపు తీసి, ఆకు దులిపిన చేతుల్లో సగం స్త్రీలవే. పొలం పని లేని చోట బీడీ పని వచ్చింది. నానబెట్టిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే ఆ పని ఈ ప్రాంతంలో తరతరాలుగా ఆడవాళ్ల బతుకుతెరువు. ఇటువంటి స్త్రీని ఎన్నడూ చూడని కథలను ఆమె జీవితానికి ప్రవేశద్వారమని చెప్పడం, ఒక కులపు, ఒక వర్గపు అనుభవాన్ని ‘స్త్రీల జీవితం’ అనే పెద్ద పేరుతో పిలవడమే అవుతుంది.

వాది: బీడీ పనిని ఉదాహరణగా తీసుకోవడం మంచిదే, ఎందుకంటే అది ఇంటి బయట జరిగే పని కాదు. చాట ఒడిలో పెట్టుకొని స్త్రీ కూర్చునేది తన గడప దగ్గరే. ఒక కంటితో పొయ్యిని, ఒక కంటితో పిల్లను చూసుకుంటూ ఆమె లెక్క పూర్తిచేస్తుంది. ఇల్లు వేరు, ఆర్థికం వేరు అనుకుంటే ఈ జీవితం అర్థం కాదు. తెలుగు కథలో ఇంటిని డబ్బు తిరిగే చోటుగా మొదట చూపినవారిలో అచ్చమాంబ ఒకరు. ‘ధనత్రయోదశి’ పేరుకు పండగ కథ, నిజానికి పేదరికపు కథ: దీపావళి ముందు చేతిలో ఏమీ లేని చిరుద్యోగి యజమాని సొమ్ముకు ఆశపడతాడు, ఆ సొమ్ముతో పండగ వద్దని భార్య నిలబడుతుంది. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’, ‘బీద కుటుంబము’ అని ఆమె తన కథలకు పెట్టుకున్న పేర్లే, ఆమె దృష్టి పట్టుచీరల మీద కాక అప్పు, లేమి, ఆదాయం, ఖర్చుల మీద ఉందని చెబుతాయి. ఇంటి జమాఖర్చు స్త్రీ మనసు మీద వేసే బరువును కథావస్తువు చేసిన రచయిత్రిని బీడీ ఇంటికి పరాయిదని తోసివేయడం తొందరపాటు.

ప్రతివాది: అదే కథను కొంచెం ఆగి చదివితే తేడా బయటపడుతుంది. అక్కడ సంపాదన భర్తది, మనస్సాక్షి భార్యది. ఆమె చేతికి కథ ఇచ్చిన అధికారం నైతికమైనదే తప్ప ఆర్థికమైనది కాదు. ఆ నైతికత కూడా ఎవరి సొమ్మును కాపాడింది? యజమాని సొమ్మును. నెలంతా ఒళ్లు వంచి పనిచేసిన మనిషి పండగపూట పిల్లలకు మిఠాయి కొనలేని జీతం ఎందుకు తీసుకుంటున్నాడన్న ప్రశ్న ఆ కథలో ఎవరూ అడగరు. పేదవాడు నిజాయితీగా ఉండాలన్నదే కథ నేర్పే నీతి. ఈ నీతిని బోధన్‌కు తెచ్చి చూడాలి. చక్కెర కర్మాగారంలో అధికవాటా 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, 2015 డిసెంబరులో అది మూతపడినప్పుడు, పని పోయిన కుటుంబాలలో నిజాయితీ లోపించి పోయినది ఏమీ లేదు. చెరుకు వేసిన రైతు ఇంటి ఇల్లాలికి గాని, కార్మికుడి ఇంటి ఇల్లాలికి గాని భర్తను మంచిదారిలో పెట్టడం అన్న కర్తవ్యం ఆనాడు ఏ అక్కరకూ రాలేదు. వ్యక్తి శీలాన్ని సరిదిద్దే కథ వ్యవస్థ చేసే నష్టాన్ని చూడలేదు.

వాది: జీతం గురించి ఆ కథ ప్రశ్నించలేదన్నది నిజం, దానిని ఒప్పుకోవలసిందే. అయితే 1902లో ఆ కథ దేనికి ఎదురు నిలిచిందో కూడా లెక్కలోకి రావాలి. స్త్రీలు పుట్టుకతోనే బుద్ధి తక్కువవారని, చదువు వస్తే చెడిపోతారని పెద్దమనుషులు సభల్లో చెబుతున్న కాలం అది. ఆ మాటలను ఖండించడానికే అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే గ్రంథాన్ని తలపెట్టి, దేశచరిత్రలో పేరుపొందిన స్త్రీల జీవితచరిత్రలను సేకరించి రాసింది. వాదంగా అక్కడ చెప్పినదాన్నే కథగా ‘ధనత్రయోదశి’లో చూపింది: భర్త వివేకం తడబడినచోట భార్య వివేకం నిలబడింది. ఇక సంపాదన విషయానికి వస్తే, బీడీ చుట్టే స్త్రీ సంపాదిస్తూనే ఉంది. ఈ ప్రాంతంలో పెళ్లి సంబంధం చూసేటప్పుడు పిల్లకు బీడీలు చుట్టడం వచ్చా, ఆమె పేరున భవిష్యనిధి కార్డు ఉందా అని అడగడం తెలిసినదే. మరి ఆ సంపాదన వల్ల ఇంట్లో ఆమె మాట చెల్లుతోందా? చెల్లకపోతే, కూలి డబ్బు ఒక్కటే స్త్రీని స్వతంత్రురాలిని చేయలేదని తేలుతుంది; అప్పుడు ఇంట్లో ఎవరి మాటకు విలువ అన్న అచ్చమాంబ ప్రశ్న పాతబడలేదనీ తేలుతుంది.

ప్రతివాది: ప్రశ్న పాతబడలేదు, నిజమే, కాని ఆమె ఇచ్చిన జవాబు ఏమిటి? ‘దంపతుల ప్రథమ కలహము’ అనే కథను చూస్తే ఆ జవాబు తెలుస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చిన భార్య, భర్త ఆజ్ఞకు తలవంచడానికి తాను దాసిని కానని ఎదురు నిలుస్తుంది. ఆ మాట అంతటితో నిలిచి ఉంటే తెలుగు కథ చరిత్ర మరోలా ఉండేది. కాని ఇంటి పెద్దావిడ హితవు చెబుతుంది, భార్య సర్దుకుంటుంది, కలహం తీరుతుంది, కథ శాంతిస్తుంది. కాలం అటువంటిది, అంతకు మించి రాయడం సాధ్యం కాదు అనడానికి వీలులేదు. మరాఠీలో తారాబాయి శిందే 1882లోనే ‘స్త్రీపురుష తులన’ రాసి, స్త్రీల మీద మోపిన ప్రతి దోషాన్నీ పురుషుల మీదికే తిప్పి లెక్క అడిగింది. ఆమె ఉన్న బుల్ఢాణా మరాఠీ ప్రాంతమే, మరాఠీ అచ్చమాంబకు వచ్చిన భాషే. బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుసేన్ కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ మద్రాసు పత్రికలో వెలువడింది 1905లో. అందులో పురుషులు పరదా వెనుక ఉంటారు, దేశాన్ని స్త్రీలు పాలిస్తారు. అంటే అదే కాలంలో అంతకంటే ధైర్యంగా ఊహించినవారు ఉన్నారు.

వాది: తారాబాయి పేరు తెచ్చినందువల్ల ఆమెకు జరిగినది కూడా చెప్పుకోవాలి. ఆ ఒక్క పుస్తకం తరువాత ఆమె మరేదీ అచ్చువేయలేదు. ఆనాటి సమాజం ఆమెను ఎగతాళి చేస్తే, జ్యోతిరావు ఫూలే వంటివారు ఆమెకు అండగా నిలిచినా, ఆ గొంతు మళ్లీ వినిపించలేదు. అచ్చమాంబ మెత్తగా రాసింది, రాస్తూనే ఉంది. ఆంధ్రదేశమంతా తిరిగి స్త్రీసమాజాలకు ప్రోత్సాహమిచ్చింది. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీసమాజాన్ని నెలకొల్పింది. స్త్రీసమాజం అంటే ఆ రోజుల్లో ఇంటి గడప దాటి పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చొని పత్రిక చదువుకొని చర్చించుకునే సంఘం. గృహిణిని భయపెట్టని కథ రాస్తేనే ఆ గృహిణిని సమాజానికి రానిస్తారు. ‘ప్రథమ కలహము’ ముగింపు ఎలా ఉన్నా, అందులో భార్య చేసిన వాదన అక్షరంగా మిగిలింది. రాజీ ఆ కథను ఇంట్లోకి తెచ్చింది, వాదన చదివినవారి మనసులో నిలిచింది. ఇది కథను బట్టి చేసిన అనుమానమే గాని రచయిత్రి స్వయంగా చెప్పిన ఉద్దేశం కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. దానిని ఈ పక్షం స్వీకరిస్తుంది.

ప్రతివాది: ఉద్దేశం మాట పక్కన పెట్టినా, ఆ కథల చట్రం ఒకటి ఉంది: స్త్రీ అంటే భార్య, లేదా భార్య కాబోయే కన్య, లేదా భర్తను కోల్పోయిన స్త్రీ. ఈ చట్రంలో ఇమడని స్త్రీలు ఇందూరు పల్లెల్లో వందల ఏళ్లుగా ఉన్నారు. జోగిని ఆచారం అంటే దళిత కుటుంబాలలోని ఆడపిల్లను చిన్నతనంలోనే గ్రామదేవతకు ఇచ్చి పెళ్లి చేసి, ఆమెకు ఇక మానవ భర్త ఉండకూడదని కట్టడిచేసి, యుక్తవయసు వచ్చాక ఊరి భూస్వాముల భోగానికి వదిలివేయడం. ఈ ఆచారం బలంగా పాతుకుపోయిన జిల్లాలలో నిజామాబాదు ఒకటి. దీనిని నిషేధించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1988 వరకు రాలేదు. పెళ్లే లేని, పెళ్లిని ఊరే లాగేసుకున్న ఆ స్త్రీకి అచ్చమాంబ కథల్లో చోటేదీ లేదు. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, సద్గుణవతి అయిన ఇల్లాలిని ఆదర్శంగా నిలబెట్టిన ప్రతి కథా, ఇల్లాలు కానివ్వని స్త్రీని ఆ ఆదర్శానికి అవతల నిలబెడుతుంది. సరిహద్దు అవతలి మరాఠ్వాడ చెరుకు కోతల్లో భార్యాభర్తల జంటను ఒకే కత్తిగా లెక్కించి కూలి కట్టే పద్ధతి ఉంది. అక్కడ దాంపత్యం కూడా కూలి కొలతే. చెరుకు నేలలో పెళ్లి అనేది కులం చేతిలోనూ కూలి లెక్క చేతిలోనూ ఏ రూపం తీసుకుంటుందో తెలియని కథలు, ఆ నేలకు తొలి పాఠం ఎలా అవుతాయి?

వాది: ఇది ఈ సంవాదంలో వచ్చిన అతి బలమైన ఆక్షేపణ, దీనికి పూర్తి సమాధానం అచ్చమాంబ రచనల్లో లేదు. కులం మీద ఆమె మౌనం చిన్న లోపం కాదు. అయితే ఆ మౌనాన్ని ఆమె జీవితంతో కలిపి చూడాలి. కన్నపిల్లలను పోగొట్టుకున్న ఆ తల్లి అనాథ పిల్లలను ఇంట పెట్టుకొని చదివించింది. బిలాస్‌పూరులో ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ వ్యాధికే 1905లో, ముప్పైయొకటో ఏట ప్రాణం విడిచింది. రాతలో దాటని గీతను చేతలో దాటడానికి ఆమె వెనుకాడలేదు. జోగినుల విషయానికే వస్తే, నిజామాబాదు జిల్లాలో వర్ని కేంద్రంగా వారి పునరావాసానికి పూనుకున్నది లవణం, హేమలతా లవణం దంపతులు. హేమలత కవి గుర్రం జాషువా కుమార్తె, స్వయంగా రచయిత్రి. అక్కడ వారు చేపట్టిన పని ఏమిటి? పిల్లలకు ఆశ్రయం, చదువు, స్త్రీలకు బతుకుతెరువు, పెళ్లి చేసుకునే హక్కు, కూడి మాట్లాడుకునే వేదిక. చదువు, సంఘం, ఆశ్రయం అన్న ఈ మూడు సాధనాలనే అచ్చమాంబ 1902 నాటికి చేతపట్టింది. ఆమె కథ జోగినిని చూడలేదు గాని, ఆమె నడిచిన దారి జోగిని గడప దాకా సాగింది.

ప్రతివాది: హేమలత పేరు ఈ పక్షానికే బలమిస్తుంది. జాషువా ఇంట పుట్టిన బిడ్డకు అంటరానితనం పుస్తకాల్లో చదివి తెలిసిన విషయం కాదు. తండ్రి కవిత్వం నిండా ఉన్నది ఆ గాయమే. జోగినిని చూడగలిగిన కన్ను ఆ అనుభవం నుంచి వచ్చింది గాని ‘హిందూ సుందరి’ నుంచి రాలేదు. సాధనాలు ఒకటే కావచ్చు, చూపు ఒకటి కాదు. సేవ పొందేవారిగా ఉన్న స్త్రీలు తమ మాట తామే చెప్పుకోవడం మొదలుపెట్టినప్పుడే సాహిత్యం మలుపు తిరిగింది. గోగు శ్యామల సంకలనం చేసిన ‘నల్లపొద్దు’ 2003లో వచ్చి, దళిత స్త్రీలు రాసిన సాహిత్యానికి ఎంత పాత చరిత్ర ఉందో చూపింది. జాజుల గౌరి ‘మన్నుబువ్వ’ తెలంగాణ దళిత బాల్యాన్ని ఆ బాల్యపు భాషలోనే చెప్పింది. బోధన్ విద్యార్థిని చేతికి మొదట ఏ పుస్తకం ఇవ్వాలన్నది ప్రశ్న అయితే, తన వాడకట్టు మనుషులు, తన వాడకట్టు మాట కనిపించే పుస్తకం ఇవ్వాలి. అచ్చమాంబ రాసిన సరళగ్రాంథికం, అంటే కొంత తేలికపరచిన పాత పుస్తకాల భాష, ఉర్దూ, మరాఠీ కలిసిన ఇందూరు తెలుగుకు చాలా దూరం. పైగా ఆమె కథలను అచ్చువేసిన పత్రిక పేరులోనే ‘హిందూ’ ఉంది. బోధన్‌లో, నిజామాబాదు పాతబస్తీలో పక్కపక్కనే కూర్చొని బీడీలు చుట్టే ముస్లిం స్త్రీకి ఆ పేరు ఆహ్వానం పలకదు.

వాది: తన వాడకట్టు మాట కనిపించే పుస్తకం కావాలన్నది సరైన కోరిక, అయితే అటువంటి పుస్తకం రాయవచ్చునన్న నమ్మకం ఈ ప్రాంతపు స్త్రీకి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. 1937లో నిజాం రాష్ట్రంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్రమహాసభ ఆరో సమావేశం మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులో జరిగినప్పుడు, దానితోపాటు జరిగిన మహిళాసభకు అధ్యక్షత వహించినది కథారచయిత్రి నందగిరి ఇందిరాదేవి. ఆనాటికి ఆమె ఇరవై ఏళ్లు కూడా నిండని యువతి. బోధన్‌లో చక్కెర కర్మాగారం స్థాపితమైన సంవత్సరమే, ఇరవై మైళ్లలోపున ఉన్న పట్టణంలో ఒక కథకురాలు వేదికెక్కి స్త్రీల సమస్యలపై జరిగిన సభను నడిపింది. అచ్చమాంబ కాలంలో స్త్రీలు పత్రికలో రాయడం, ఆ పత్రికను కూడి చదవడం, ఆ కూడికను సమాజంగా మార్చడం మొదలైంది. తెలంగాణలో మహిళాసభలు ఆ వరుసలోనివే. ఇక భాష దూరమన్నది నిజమే గాని, పొరుగు భాషల మధ్య బతికి, వాటిని నేర్చుకొని, వాటిలోని స్త్రీల కథలను తెలుగువారికి చెప్పిన అచ్చమాంబకు, తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినపడే బోధన్ బజారు అంత పరాయిది కాదు.

ప్రతివాది: ఆ వరుస నిజమే, కాని అది ఒకే వరుస కాదు. అచ్చులోకి వచ్చినదే సాహిత్యం అనుకుంటే అక్షరం రాని స్త్రీలకు చరిత్ర లేనట్టవుతుంది. నాటేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఇందూరు స్త్రీలు పాడుకున్న పాటల్లో అత్తింటి ఆరళ్లు ఉన్నాయి, పుట్టింటి మీద బెంగ ఉంది, అన్నదమ్ముల మీద నిష్ఠూరం ఉంది, దొరల మీద శాపం ఉంది. కథ చెప్పడం ఈ నేల స్త్రీలకు 1902లో ఎవరో నేర్పిన విద్య కాదు. ఆ పాటలనుంచి మొదలుపెడితే, తన అమ్మమ్మ కూడా కథకురాలేనని బోధన్ అమ్మాయి తెలుసుకుంటుంది. అచ్చు పుస్తకం నుంచి మొదలుపెడితే, తన ఇంట్లో సాహిత్యం లేదని, అది వేరే ఇళ్లనుంచి రావాలని నేర్చుకుంటుంది. మొదటి పాఠం పిల్ల మనసులో ఏర్పరిచే ఈ అభిప్రాయం చిన్న విషయం కాదు.

వాది: పాటల విషయంలో చెప్పినది శిరోధార్యం; వాటిని సాహిత్యంగా పాఠంలో చేర్చాలన్నదానికి ఈ పక్షం మనస్ఫూర్తిగా చేయి కలుపుతుంది. అయినా పాట చేయలేని పని ఒకటి వచనకథ చేస్తుంది. పాటలోని దుఃఖం అందరిదీ అవుతుంది, అందువల్ల అది ఓదారుస్తుంది. కథలోని కలహం ఒక ఫలానా ఇంట్లో, ఒక ఫలానా భార్యకూ భర్తకూ మధ్య జరుగుతుంది, అందువల్ల అది జవాబు అడుగుతుంది. అచ్చమాంబ ‘స్త్రీవిద్య’ దాదాపు అంతా భార్యాభర్తల సంభాషణే. చదువు ఎందుకన్న అభ్యంతరాలు ఒక్కొక్కటిగా వస్తాయి, ఒక్కొక్కదానికి జవాబు వస్తుంది. ఈ ప్రాంతం నుంచి మగవారు దుబాయి, మస్కటు వంటి చోట్లకు పనికి వెళ్లడం మొదలైన తొలి రోజుల్లో, ఫోన్లు ఇంటింటికీ రాకముందు, మొగుడు రాసిన జాబును ఇరుగుపొరుగు చేత చదివించుకొని, తన మనసులోని మాటను మరొకరి చేత రాయించుకోవలసి వచ్చిన భార్యలు ఎందరో ఉన్నారు. సొంత మాటకు పరాయి చేయి అవసరమవడం ఎంత అవమానమో ఆ స్త్రీలకు ఎవరూ వివరించనక్కరలేదు. చదువుకోసం అచ్చమాంబ పట్టిన పట్టు వారికి సూటిగా తగులుతుంది.

ప్రతివాది: ‘స్త్రీవిద్య’లో అభ్యంతరం చెప్పేది ఎవరు, నచ్చజెప్పేది ఎవరు అని అడిగితే ఆ కథ పరిమితి తెలుస్తుంది. వద్దనేది భార్య, చదువుకొమ్మనేది భర్త. అంటే స్త్రీ చదువుకు అడ్డు స్త్రీ మనసులోని జంకేనని, దానిని తొలగించేది పురుషుడి ఔదార్యమని పాఠకుడికి తోస్తుంది. ఆనాటి సంస్కర్తల ఇళ్లలో అది నిజమే కావచ్చు. ఇందూరు జిల్లాలో ఆడపిల్ల బడి మానింది మనసు లేక కాదు. రోజుకు ఇన్ని బీడీల లెక్క తల్లి ఒక్కతే తీర్చలేనప్పుడు పిల్ల చేతికి దారం వచ్చింది, చెరుకు నాట్ల రోజుల్లో తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి పిల్ల ఇంట ఉండవలసి వచ్చింది. కారణం కూలి లెక్కలో ఉన్నప్పుడు, మందు మనసుకు వేస్తే జబ్బు నయం కాదు. అయితే ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి: చదువుకు అడ్డు పడేవాటిని అచ్చమాంబ తేలికగా కొట్టిపారేయలేదు, ఆడదాని నోటితోనే, ఓపికగా, ఒక్కొక్కటిగా చెప్పించింది. స్త్రీకి జంకు ఎందుకు కలిగిందో వినడం ఆమెకు తెలుసు. ఆ వినే గుణం ఆమె తరువాతి సంస్కర్తలు చాలామందిలో లేదు.

వాది: ఇంతవరకు వచ్చాక భేదం ఎక్కడ ఉందో స్పష్టమవుతోంది. అచ్చమాంబ కథల్లో కులం లేదు, కూలి లేదు, పెళ్లికి అవతలి స్త్రీ లేదు. ఇది ఈ పక్షం ఒప్పుకుంటుంది. స్త్రీ తన వివేకంతో భర్తను నిలదీయగలదని, స్త్రీ మాటను అచ్చువేయవచ్చునని, ఇంటి విషయం బహిరంగ చర్చకు అర్హమని ఆమె చూపిందన్నది ఆ పక్షం ఒప్పుకుంటుంది. అయినా ఆమెను మొదట చదవాలనే ఈ పక్షం అంటుంది, ఎందుకంటే ఆమెను చదివిన అమ్మాయికి ఆమె వదిలేసినవి తప్పక కనిపిస్తాయి. తన అమ్మ ఈ కథల్లో ఎందుకు లేదని ఆ అమ్మాయి అడిగిన రోజున ఇందూరుకు మరో కథకురాలు పుడుతుంది. పూర్వులలోని కొరతను గుర్తించడమే తరువాతి తరానికి రచన అవుతుంది. ఆ గుర్తింపు కలగాలంటే పూర్వులను చదివి ఉండాలి.

ప్రతివాది: తన అమ్మ ఈ కథల్లో లేదని గుర్తించిన అమ్మాయి కలం పట్టవచ్చు, తన అమ్మ సాహిత్యానికి తగదేమోనని అనుకొని పుస్తకం మూసేయనూవచ్చు. వందేళ్లుగా రెండోదే ఎక్కువగా జరిగింది. అందుకే ముందు అమ్మ పాట, అమ్మ కూలి, అమ్మ మాట రాసిన పుస్తకం. ఆ తరువాత, ఇంటి గడప లోపలినుంచి మొదట మాట్లాడిన స్త్రీగా అచ్చమాంబ. ఈ క్రమాన్ని ఈ పక్షం వదులుకోదు. రెండు పక్షాలవారూ చేయవలసిన పని మాత్రం ఒకటి ఉంది. చెరుకు కాలం గడిచిపోయింది, కర్మాగారపు గొట్టాల్లో పొగ లేదు, ఆ కాలపు నాట్లూ కోతలూ చేసిన స్త్రీలు ముసలివారవుతున్నారు. బీడీ చుట్టినవారి, జోగినులుగా బతికినవారి మాటలను వారి అనుమతితో, వారి మాటల్లోనే, ఇప్పుడే రాసిపెట్టాలి. కళాశాలల్లోని తెలుగు విభాగాలు, ఊళ్లలోని గ్రంథాలయాలు, రచయితల సంఘాలు దీనిని ఎవరి కోసమో చేసే సేవగా గాక తమ సొంత సాహిత్య చరిత్రగా భావించి పూనుకోవాలి.

వాది: ఆ పిలుపులో ఈ పక్షం గొంతు కూడా కలుస్తుంది, క్రమం గురించిన వివాదం మిగిలే ఉంటుంది. మిగిలినదానికి, ముందు అచ్చమాంబను చదవాలన్నా, ముందు అమ్మ మాట రాయాలన్నా, రెంటికీ ముందు కావలసినది ఒకటుంది. 1902లో అచ్చమాంబ స్త్రీలకు అక్షరం కావాలని కథ రాసింది. నూట తొమ్మిదేళ్ల తరువాత, 2011 జనగణన నాటికి, పురుషులకంటే స్త్రీలే ఎక్కువగా ఉన్న నిజామాబాదు జిల్లాలో, ఏడేళ్లు నిండిన ఆడవాళ్లలో దాదాపు సగంమందికి చదవడం, రాయడం రాదు.